లాగుడు పందెముల నియమములు - రైతు గ్రహింపవలసిన పాఠములు

సంక్రాంతి సమీపించుచున్న కొలది గ్రామములలో పందెముల మాట పుట్టుట సహజము. ఈ యేట మన సంఘముల యువసభ్యులు కొందఱు మమ్మొక ప్రశ్న యడిగిరి. "పూర్వము ఎడ్లచేత బండలు లాగించి బలాబలములు తేల్చుకొనెడివారు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చినవి. పైదేశములలో డీజిలు ట్రక్కులతో లాగుడు పందెములు జరుపుచున్నారట. కనుమనాడు మన యూరనట్టి పందెమును పెట్టుకొనరాదా? సంఘపు ట్రాక్టరును దానికియ్యరాదా?" అనునదియే ఆ ప్రశ్న.

అవుననుటకు గాని కాదనుటకు గాని ముందు, ఆ పందెము లెట్టివో, వానికి నియమము లేల యేర్పడినవో మన మెఱుగుట మంచిది. ఆ నియమములను పరిశీలింపగా మాకొక సంగతి స్పష్టమైనది. అందు ఉత్తపుణ్యమునకు పెట్టిన నియమ మొక్కటియు లేదు. ప్రతి నియమము వెనుకను ఒక ప్రమాదము కలదు. నియమమును తీసివేసినచో మిగులునది ఆ ప్రమాదమే. పందెము పెట్టని రైతునకును ఆ ప్రమాదము తప్పదు. దమ్ములో దిగబడిన బండిని లాగునపుడును, చెఱకు తొట్టిని గట్టెక్కించునపుడును అతడు చేయునది లాగుడు పనియే. కావున ఈ విషయమును కొంత విరివిగా వ్రాయుచున్నాము.

మన బండలాగుడు

తెలుగునాట లాగుడు పందెమనగా ముందు జ్ఞప్తికి వచ్చునది ఎడ్ల బండలాగుడు. గుంటూరు, ప్రకాశము, కృష్ణా, కర్నూలు ప్రాంతములలో ఇది పేరుపొందినది. మన శ్రీకాకుళము, విజయనగరము వైపున ఎడ్లబండ్ల పరుగు పందెములపై మక్కువ యెక్కువ. బండలాగుడునందు ఎడ్లను పండ్లనుబట్టి తరగతులుగా విభజింతురు. రెండు పండ్ల గిత్తలకొక తరగతి, నాలుగు పండ్ల వానికొకటి, ఆఱు పండ్ల వానికొకటి, పెద్ద ఎడ్లకు వేఱొకటి. తరగతినిబట్టి బండ బరువు మాఱును. నిర్ణయించిన కాలములో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరము లాగినదో కొలిచి గెలుపును నిర్ణయింతురు.

ఇందు గమనింపదగినవి రెండు కలవు. మొదటిది, సమాన బలము గలవారినే పోటీకి నిలుపుట. రెండవది, బండ బరువు మొదటినుండి తుదివఱకు ఒక్కటియే యగుట. ఎద్దు అలసినచో ఆగును. ఆగుటయే దానికి రక్షణ. అట్టిచో దానిని కొట్టి, పొడిచి నడిపించుట 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. 2014 మే 7వ తేదీన సుప్రీముకోర్టు జల్లికట్టునకును ఎడ్లబండ్ల పందెములకును ఎద్దులను వాడరాదని తీర్పు చెప్పెను. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు చేసికొన్న చట్టసవరణలు చెల్లునని 2023 మే 18వ తేదీన ధర్మాసనము తీర్పు చెప్పినది. కావున ఎడ్ల పందెము తలపెట్టువారు ముందుగా అధికారుల నడిగి తెలిసికొనుట మేలు.

యంత్రము ఎద్దువంటిది కాదు. దానికి అలసట తెలియదు. డీజిలున్నంతవఱకు లాగును. దానిని ఆపవలసిన జ్ఞానము నడుపువానికి గాని, నియమమునకు గాని ఉండవలెను. లాగుడు పందెముల చరిత్రయంతయు ఈ ఒక్క మాటలో కలదు.

ట్రక్కు పందెము పుట్టిన విధము

అమెరికాలో మొదట గుఱ్ఱములచేత బరువులు లాగించెడివారు. ట్రాక్టర్లు వచ్చిన పిదప 1929లో మిస్సోరీ రాష్ట్రపు బౌలింగ్ గ్రీనులోను, ఒహాయో రాష్ట్రపు వాన్స్‌విల్లులోను యంత్రములతో లాగుడు పందెములు జరిగినట్లు చెప్పుదురు. అప్పటి పద్ధతి మోటైనది. చదునైన బల్లను ట్రాక్టరునకు కట్టి యీడ్పించెడివారు. దారి పొడవునను మనుష్యులు నిలువబడి, బల్ల తమ యెదుటికి వచ్చినపుడు ఒక్కొక్కరుగా దానిపై నెక్కెడివారు. అట్లు బరువు పెరిగి పెరిగి తుదకు ట్రాక్టరు ఆగిపోయెడిది. కదలుచున్న బల్లపైకి ఎక్కుట ఎంత యపాయకరమో చెప్పనక్కఱలేదు.

ఊరికొక నియమము, తాలూకాకొక కొలత యగుటచే తగవులు పెరిగినవి. అందుచే 1969లో పలు రాష్ట్రములవారు కూడి జాతీయ ట్రాక్టరు లాగుడు సంఘమును స్థాపించి నియమముల నొకటిగా చేసిరి. తరువాత ఇవే పందెములలోనికి డీజిలు ట్రక్కులు కూడ వచ్చినవి. ఈ ట్రక్కులు మన లారీలవంటివి కావు. ముందు నలుగురైదుగురు కూర్చుండుటకు గది, వెనుక తెఱచిన తొట్టి గల పికప్పు బండ్లు. పెక్కు తరగతులలో వీని బరువు 8,000 పౌనులకు, అనగా సుమారు 3,630 కిలోలకు, మించరాదు.

ఎడ్లను పండ్లనుబట్టి విభజించినట్లే ఈ ట్రక్కులను టర్బో నోటి కొలతనుబట్టి విభజింతురు. టర్బో యనునది పొగవేగముచే తిరుగుచు ఇంజనులోనికి అధికముగా గాలిని కూరు చక్రము. దాని నోరు 2.5 అంగుళములైన ఒక తరగతి, 2.6 అయిన ఒకటి, 3 అంగుళములైన వేఱొకటి. నోరెంత పెద్దదైన అంత గాలి. గాలి యెంతో అంత డీజిలు మండును. అంత బలము పుట్టును. కొలత నిర్ణయించుటచే ధనవంతుడు పెద్ద టర్బో పెట్టి పేదవానిని గెలుచుటకు వీలులేదు. ఇంజను తాళలేని బలమును పుట్టించి దానిని పగులగొట్టుకొనుటయు కొంత తగ్గును.

ఈడ్పుబండి పని

మనుష్యులెక్కు బల్లకు బదులుగా ఇప్పుడు స్లెడ్డను ఈడ్పుబండిని వాడుచున్నారు. దీని పని తెలిసికొనదగినది. దీనికి వెనుక చక్రములుండును. ముందు భాగమున చక్రములు లేక చదునైన ఇనుపపళ్లెము నేల నానుకొని యుండును. పైన ఏటవాలు పట్టాలపై బరువుల పెట్టె కలదు. పందెము మొదలగునపుడు ఆ పెట్టె వెనుక చక్రములపై నుండును. బరువు చక్రములపై నున్నందున బండి సులభముగా కదలును. బండి ముందునకు సాగుచుండగా చక్రముల తిరుగుడుచేతనే పెట్టె గొలుసులతో ముందునకు ప్రాకును. అట్లు బరువు చక్రములపైనుండి పళ్లెముపైకి మాఱును. పళ్లెము నేలను గట్టిగా నొత్తి రాచుకొనును. లాగుచున్న కొలది లాగుట కష్టమగును. ఏదో యొక చోట ట్రక్కు ఆగిపోవును.

ఆగిన చోటికి కొలిచిన దూరమే పందెగాని ఫలము. సాధారణముగా 300 అడుగులు సాగినచో పూర్తి లాగుడందురు. ఇద్దఱు ముగ్గురట్లు పూర్తిచేసినచో బరువు పెంచి మఱల లాగింతురు. గొలుసు బిగిసిన తరువాతనే బయలుదేరవలెను. వదులుగా నుంచి ఒక్క కుదుపున లాగుట నిషిద్ధము. పచ్చజెండా చూపువఱకు కదలరాదు. ఎఱ్ఱజెండా చూపిన తక్షణమే ఆపవలెను.

కొక్కెము ఎత్తు

అన్ని నియమములలో ముఖ్యమైనది కొక్కెము ఎత్తు. డీజిలు ట్రక్కుల పెక్కు తరగతులలో లాగుడు కొక్కెము నేలనుండి 26 అంగుళములకు మించరాదు. ట్రాక్టర్లకు పలు తరగతులలో 20 అంగుళములే మేర. కొక్కెము ఏవైపునకును కదలక బిగిసి యుండవలెను. పందెమునకు ముందు న్యాయనిర్ణేతలు గజముతో కొలిచి చూతురు.

దీనికి కారణమును లెక్కతో చెప్పెదము. మొత్తము 2,000 కిలోల బరువు గల ట్రాక్టరును తీసికొందము. అందు ముందు చక్రములపై 700 కిలోలున్నవనుకొందము. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 190 సెంటీమీటర్లు. 700ని 190తో హెచ్చింపగా 1,33,000. ముందు భాగమును నేలపై నిలుపు శక్తి యిది. ఇప్పుడా ట్రాక్టరు 1,400 కిలోల లాగుడు లాగుచున్నదనుకొందము. గొలుసు నేలకు 45 సెంటీమీటర్ల యెత్తున కట్టియున్నచో, 1,400ని 45తో హెచ్చింపగా 63,000. ముందు భాగమును పైకెత్తు శక్తి యిది. నిలుపు శక్తిలో సగము కూడ లేదు. అదే గొలుసును 100 సెంటీమీటర్ల యెత్తున కట్టినచో 1,40,000 అగును. అది 1,33,000 కంటె నెక్కువ. ముందు చక్రములు నేలను విడిచిపెట్టును. ట్రాక్టరు అదే, బరువు అదే, లాగుడు అదే. మాఱినది గొలుసు కట్టిన యెత్తు మాత్రమే.

విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానును చూచినవారి కిది సులభముగా బోధపడును. పొడవైన మాను కొసను కొద్ది బలముతో పైకెత్తుటకును దింపుటకును వీలగుచున్నది. కొస యెంత దూరమో బలమునకంత పట్టు. ట్రాక్టరు విషయమున గొలుసు ఎత్తే ఆ కొస.

ఇంకొక రహస్యము కలదు. కొక్కెము తక్కువ యెత్తున నున్నపుడు బరువు మించినచో వెనుక చక్రములు నేలపై జారి గిఱ్ఱున తిరుగును. పందెగానికది ఓటమి కావచ్చును గాని ప్రాణమునకది రక్షణ. కొక్కెము ఎత్తుగా నున్నపుడు ముందు భాగము లేచిన కొలది బరువంతయు వెనుక చక్రములపై పడును. వాని పట్టు పెరుగును, జారవు. జారవలసిన చక్రము జారక, ట్రాక్టరే వెనుకకు తిరుగబడును. ముందు చక్రములు లేచుట మొదలైన పిదప తప్పించుకొనుటకు ఒక సెకను కూడ ఉండదు. చూచి, గ్రహించి, కాలు క్లచ్చిపై మోపులోపల జరుగవలసినది జరిగిపోవును.

ఇంజను నాపు ఉపాయము

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ నాపినచో ఇంజను ఆగును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా నొత్తుటచే పుట్టు వేడిమికే డీజిలు మండును. టర్బోలోని సీలు చెడి ఇంజను నూనె గాలితోపాటు లోనికి పోయినచో, డీజిలు కట్టివేసినను ఇంజను ఆ నూనెనే త్రాగుచు పట్టుదప్పి పరుగెత్తును. అందుచే పందెపు బండ్లలో గాలిదారిని మూసివేయు తలుపు నొకదానిని పెట్టుదురు. గాలి లేనిదే ఏ ఇంజనును మండదు. ఆ తలుపునకు కట్టిన తీగను బండి వెనుక నుంచి ఈడ్పుబండికి తగిలింతురు. కొక్కెము తెగి బండి విడిపోయినచో తీగ లాగబడి ఇంజను తనంతట ఆగును. నడుపువాడు స్పృహ దప్పినను పని నడచునట్లు ఏర్పాటు చేసిరన్నమాట.

మన ట్రాక్టరు అట్లు పరుగెత్తినచో ఏమి చేయవలెను? బండి యాగియున్నచో పెద్ద గేరులో వేసి, రెండు బ్రేకులను గట్టిగా త్రొక్కిపట్టి, క్లచ్చిని విడిచినచో ఇంజను ఆగిపోవును. ముందర మనుష్యులు లేకుండ చూచుకొనవలెను. గాలిగొట్టమునకు చేయి యడ్డము పెట్టరాదు. అది చేతిని లోనికి పీల్చి గాయపఱచును.

తిరుగు భాగములకు కవచములు

పందెపు బండిలో ప్రతి తిరుగు భాగమునకు ఉక్కు కవచ ముండవలెను. క్లచ్చి, దాని ప్రక్కనున్న బరువుచక్రము అతివేగమున పగిలినచో ముక్కలు తూటాలవలె ఎగురును. ఇరుసులకు బలమును చేర్చు షాఫ్టు కీలు విఱిగినచో షాఫ్టు నేలను పొడిచి బండినే తిరుగవేయగలదు, లేదా నడుపువాని కాళ్లను కొట్టగలదు. అందుచే షాఫ్టు చుట్టు ఇనుప కడియము లుంచుదురు. పొగగొట్టములో ఒకదాని కొకటి అడ్డముగా శిలువ యాకారమున రెండు బోల్టులు బిగింతురు. టర్బో చక్రము పగిలినను దాని ముక్కలు గొట్టముగుండ పైకెగిరి జనులపై పడకుండుటకే యీ యేర్పాటు.

నడుపువాడు అగ్నికి తాళు దుస్తులు, శిరస్త్రాణము ధరించి, నడుమునకు పట్టీ కట్టుకొని యుండవలెను. నిప్పార్పు సాధనము చేతికందునట్లుండవలెను. గేరు తటస్థముగా నున్నపుడే ఇంజను మొదలగునట్లు ఏర్పాటుండవలెను. బండిలో రెండవవాడుండరాదు. బరువునకై కట్టిన ఇనుపదిమ్మలు ఊడిపోకుండ బిగింపవలెను. జనులు గట్టి కంచెల వెనుకనే నిలువవలెను. బండి సాగు దారికి నేరుగా ముందు వైపున ఎవ్వరును ఉండరాదు.

టోచను పందెము

పై నియమములేవియు లేని లాగుడు పందె మొకటి పంజాబు ప్రాంతములలో వ్యాపించినది. దానిని టోచన్ అందురు. రెండు ట్రాక్టర్లను వెనుకకు వెనుక చేర్చి గొలుసుతో కట్టి, ఎవరు ఎవరి నీడ్చుకొని పోవుదురో చూతురు. మన యువకులు మనసుపడినది దీనిపైననే యని మాకు తోచుచున్నది. ఈడ్పుబండి యక్కఱలేదు, ఖర్చు తక్కువ, కేకలెక్కువ.

ఈడ్పుబండి పందెమునకును దీనికిని గల భేదమును గమనింపుడు. ఈడ్పుబండి మెల్లమెల్లగా బరువును పెంచి తుదకు ఆపును. టోచనులో బరువు రెండవ ట్రాక్టరే. అది యెప్పుడు కుదుపునో, ఎప్పుడు వదలునో ఎవ్వరికిని తెలియదు. ఒక ట్రాక్టరు జారగానే రెండవదాని ముందు చక్రములు దబాలున నేలపై పడును. లేదా రెండును ముందు కాళ్లెత్తిన గుఱ్ఱములవలె లేచును. కొక్కెము ఎత్తును కొలుచువాడు లేడు. ఇంజను నాపు తీగ లేదు. గొలుసు తెగినచో చుట్టునున్న జనులపైకి ఎగురును. ప్రాణాపాయము తప్పినను క్లచ్చిపలక కాలుట, వెనుక గేరుపెట్టె పండ్లు విఱుగుట సామాన్యము.

2023 అక్టోబరులో పంజాబులోని గురుదాసుపురము జిల్లాలో ట్రాక్టరు విన్యాసములు చూపుచున్న యువకుడొకడు తన ట్రాక్టరు క్రిందనే పడి మరణించెను. ఆ వెంటనే ఆ రాష్ట్ర ప్రభుత్వము ట్రాక్టర్లతోను వ్యవసాయ పరికరములతోను చేయు విన్యాసములను నిషేధించెను. పొలము దున్నుటకు కొన్న యంత్రము కొడుకును తీసికొని పోయినచో ఆ ఇంటికి మిగులున దేమి?

చట్టము, బీమా

1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 189వ సెక్షను ప్రకారము, ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన యనుమతి లేక బహిరంగ స్థలమున వాహనముల వేగ పందెములు, పరీక్షలు జరుపుట నేరము. అంతకంటె మన సభ్యులు గమనింపవలసినది బీమా సంగతి. ట్రాక్టరు బీమా పత్రములో వాడుకకు హద్దులు వ్రాసి యుందురు. వ్యవసాయమునకు తీసికొన్న బీమా సామాన్యముగా పందెములకును వేగపరీక్షలకును వర్తింపదు. పందెములో ట్రాక్టరు విఱిగినను, చూడవచ్చిన వానికి గాయము తగిలినను, నష్టమంతయు యజమాని నెత్తిపై బడవచ్చును. ట్రాక్టరు అప్పుపై తీసికొన్నదైనచో వాయిదాలు మాత్రము ఆగవు. సంఘపు ట్రాక్టరైనచో నష్టము సభ్యులందఱిది. పండుగనాటి యొక గంట వేడుకకు ఇన్ని కుటుంబములు పూచీ పడుట న్యాయమా యని ఆలోచింపుడు.

మన పొలములో ఈ నియమములు

పందెము మాట యట్లుండనిండు. ఆషాఢ శ్రావణములలో వరి దమ్ములు చేయునపుడును, చెఱకు తోలునపుడును మనకు లాగుడు పని తప్పదు. పందెములవారు అనుభవముచే నేర్చిన నియమములను మన పనికి అన్వయించి ఈ క్రింద వ్రాయుచున్నాము.

1. గొలుసును ఎల్లప్పుడు వెనుకనున్న డ్రాబారునకే తగిలింపవలెను. టాప్‌లింకు బిగించు చోట గాని, ఇరుసునకు గాని, సీటు కమ్మికి గాని ఎన్నడును కట్టరాదు. మొద్దులను పెకలించునపుడు జరుగు ఘోరములలో పెక్కింటికి ఇదియే మూలము.

2. దమ్ములో వెనుక చక్రములు దిగబడినచో ముందునకు బలవంతము చేయరాదు. చక్రములు కదలలేనప్పుడు ఇంజను బలము ట్రాక్టరు శరీరమునే ఇరుసు చుట్టు పైకి త్రిప్పును. చక్రములకు దుంగలను కట్టి యెక్కింప జూచుట మిక్కిలి అపాయకరము. దుంగ యడ్డుపడి చక్రము నిలిచిపోగా ట్రాక్టరు వెనుకకు తిరుగబడును. వెనుకనున్న పనిముట్టును విప్పి, చక్రముల వెనుక మన్ను త్రవ్వి, మెల్లగా వెనుకకు రావలెను. రానిచో రెండవ ట్రాక్టరును తెప్పించి లాగింపవలెను.

3. చిన్న గేరులో, క్లచ్చిని మెల్లగా వదలుచు, గొలుసు బిగిసిన పిదపనే లాగవలెను. కుదుపులతో లాగినచో గొలుసుపై బరువు అనేక రెట్లగును.

4. పాత నైలాను త్రాళ్లను, ముళ్లువేసిన ఇనుపతాళ్లను వాడరాదు. నైలాను త్రాడు సాగి సాగి తెగినపుడు వడిసెల రాయివలె కొట్టును. లాగునపుడు త్రాటి నడుమ తడిసిన గోనెసంచి నొకదానిని వేసినచో తెగినను ఎగురు వేగము తగ్గును. త్రాటి పొడవునకు ఒకటిన్నర రెట్లు దూరములోపల ఎవ్వరును నిలువరాదు. పిల్లలను ముందే పంపివేయవలెను.

5. నడుపువాడు తప్ప మఱియెవ్వరును ట్రాక్టరుపై నుండరాదు. మడ్గార్డుపై కూర్చుండు అలవాటు మన గ్రామములలో ఎక్కువ. ముందు భాగము లేవకుండ బానెటుపై మనుష్యులను కూర్చుండబెట్టుట అంతకంటె చెడ్డది. బరువు కావలెనన్న ఇనుపదిమ్మలను బిగింపవలెను గాని మనుష్యులను కాదు.

6. నిండు తొట్టితో నిటారైన గట్టును ఎక్కరాదు. ఏటవాలుపై ట్రాక్టరు ముందు భాగము ముందే తేలికయై యుండును. దానికి తొట్టి లాగుడు తోడైనచో లేచుట నిశ్చయము. గట్టును చెక్కి వాలు తగ్గించిన పిదపనే తోలవలెను, లేదా సగము దింపి రెండు విడతలుగా తోలవలెను.

7. వెనుక తిరుగు పి.టి.ఓ. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు తొమ్మిది చుట్లు తిరుగును. పంచె చెఱగు గాని, తువాలు గాని, కొంగు గాని చిక్కుకొన్నచో విడిపించు వ్యవధి ఉండదు. దాని కవచమును తీసివేసి పని చేయరాదు. ఇంజను నాపిన తరువాతనే దగ్గఱకు పోవలెను.

8. క్రొత్త ట్రాక్టరు కొనువారు వెనుకనుండు ఇనుప రక్షణ కమానును, సీటు పట్టీని తప్పక అడుగవలెను. స్వీడను దేశమున 1959లో క్రొత్త ట్రాక్టర్లన్నిటికిని ఈ కమాను ఉండవలెనని నిర్ణయించిరి. కాలక్రమమున అచ్చట ట్రాక్టరు తిరుగబడి మరణించువారు దాదాపు లేకపోయిరి. కమానున్నపుడు పట్టీ కట్టుకొనవలెను. పట్టీ లేనిచో మనిషి కమాను వెలుపల పడి దాని క్రిందనే నలుగవచ్చును.

ప్రశ్నకు మా సమాధానము

ఇప్పుడు యువసభ్యుల ప్రశ్నకు వత్తము. టోచను పందెమునకు సంఘపు ట్రాక్టరు నియ్యరాదని మా యభిప్రాయము. సొంత ట్రాక్టర్లతోనైనను దానిని జరుపవలదని కోరుచున్నాము. ఈడ్పుబండి, కొలిచిన కొక్కెము, ఇంజను నాపు తీగ, ఉక్కు కవచములు, గట్టి కంచెలు, ప్రభుత్వపు అనుమతి, వేఱుగా తీసికొన్న బీమా, ఇవన్నియు సమకూర్చు స్తోమత గలవారు జరిపిన జరుపవచ్చును. సగము సమకూర్చి సగము విడిచిపెట్టువారు జరుపరాదు. విడిచిన సగముననే అపాయము కాచుకొని యుండును.

అయినను పండుగనాడు యువకుల యుత్సాహమును చల్లార్చుట మా యుద్దేశము కాదు. బలముకంటె నేర్పును పరీక్షించు పందెములు కలవు. ప్రపంచ దుక్కి పోటీల సంస్థ 1952లో ఏర్పడెను. మఱుసటి యేట కెనడాలోని కోబర్గులో మొదటి ప్రపంచ దుక్కి పోటీ జరిగెను. చాలు వంకర పోక, లోతు సమముగా, కలుపు మొక్క పైకి కనబడక దున్నినవాడే అందు విజేత. మన గ్రామములలోను కోతలైన చేలలో ఇట్టి పోటీని ఖర్చులేక జరుపవచ్చును. తొట్టి కట్టిన ట్రాక్టరును రెండు గుంజల నడుమనుండి వెనుకకు తోలి నిలుపు పోటీ కూడ చూడ ముచ్చటగా నుండును. నడుపువానికి నిత్యము పనికివచ్చును. ఈ రెండిటికిని సంఘపు ట్రాక్టరు నిచ్చుటకు పాలకవర్గములు వెనుదీయవని నమ్ముచున్నాము. నెమ్మదిగా తోలవలెననియు, చూచువారు దూరముగా నుండవలెననియు నియమము మాత్రము ఇచ్చటను వర్తించును.

ఈ వ్యాసమును చదువు రాని సభ్యులకును, ముఖ్యముగా ట్రాక్టరు తోలు యువకులకును చదివి వినిపింప ప్రార్థితులు. నేడే మీ ట్రాక్టరు వెనుకకు పోయి, గొలుసు తగిలించు చోటు నేలకెంత యెత్తున నున్నదో మూరతో కొలిచి చూడుడు. మూరకు మించినచో ఆ చోట ఇకపై గొలుసు తగిలింపకుడు.